పాత మియాటా (1992, 1.6): కంపెనీవి కాని బయటి ఫిటింగ్స్ ఏవో గుర్తుపట్టి తీసేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిరోడ్‌స్టర్:
అందరికీ నమస్తే. మూడు వారాల క్రితం 1992 మాజ్దా ఎంఎక్స్-5 (దీన్నే మియాటా అంటారు) కొన్నాను, మొదటి తరం, పాపప్ లైట్లది, 1.6 ఇంజన్. చాలా ఏళ్ల కోరిక ఇది. నాకంటే ముందు కనీసం నలుగురి చేతులు మారింది, ఒక్కొక్కరూ తమకు తోచింది తగిలించి తర్వాతివాళ్లకి వదిలేశారు. కంటికి కనిపిస్తున్నవి: 16 అంగుళాల అల్లాయ్‌లు, బాగా కిందకి దిగిన సస్పెన్షన్, పెద్ద సైలెన్సర్, ఎయిర్ బాక్స్ స్థానంలో గరాటు ఆకారం ఫిల్టర్, బయటి స్టీరింగ్, డాష్ మీద ఎప్పుడూ మెరిసే ఒక ఎర్ర లైటు. కనిపించనివి ఎన్నో తెలీదు.

బాధలు ఇవి. నాలుగు రోజులు కదపకపోతే బ్యాటరీ ఖాళీ. కొన్ని పొద్దుటిపూట తాళం తిప్పితే టక్ అని ఒక్క శబ్దం, అంతే, పది నిమిషాలాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. 90 దాటితే స్టీరింగ్ వణుకుతుంది. చిన్న గుంత పడినా వెన్నుకి తగులుతుంది. పైగా పెట్రోల్ వాసన, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో కటకట. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా నడపాలని ఉంది నాకు. ఈ ఆదివారం అన్నీ విప్పేద్దామనుకుంటున్నా, ఏమంటారు?

రించ్‌పట్టు:
ఆదివారం అన్నీ విప్పకండి. దయచేసి. ఒక్కరోజులో పది మార్పులు చేస్తే ఏది బాగైందో, కొత్తగా ఏది చెడిందో పట్టుకోలేరు. ఒకటి తీయండి, రెండు రోజులు నడపండి, రాసుకోండి, తర్వాతది. మొదటి వారం స్పానర్ ముట్టుకోవద్దు, ఫోను, టార్చి చాలు. బానెట్ కింద, డాష్ కింద, డిక్కీలో, కారు కింద, కనీసం రెండొందల ఫొటోలు. తర్వాత ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్ దొరకబుచ్చుకుని బొమ్మతో ఫొటోని పోల్చండి. బొమ్మలో లేనిది ఏదైనా మీ కారులో ఉంటే దానికి ఓ నంబరు ఇవ్వండి.

మరో మాట. బయటిదిలా కనిపించేదంతా బయటిది కాదు. ఇదే కారుని జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు, వాటిలో వి-స్పెషల్ అనే రకానికి నార్డి బ్రాండ్ చెక్క స్టీరింగ్ కంపెనీ ఫిటింగే. అమెరికాలో 1993 లిమిటెడ్ ఎడిషన్‌కి బీబీఎస్ బ్రాండ్ చక్రాలు ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. 1994 ఆర్ ప్యాకేజీ అనే రకానికి బిల్‌స్టీన్ బ్రాండ్ షాక్ అబ్జార్బర్లు కూడా అంతే. అసలైన నార్డిని బయటిదనుకుని తీసేసి అమ్ముకున్నవాళ్లని చూశాను, తర్వాత దానికోసం ఏళ్లు వెతికారు. మీది ఏ మార్కెట్ కారో, ఏ ట్రిమ్మో (అందులో ఏ రకమో) ముందు తేల్చుకోండి.

పాపప్‌లైట్:
కంగ్రాట్స్ బ్రో! ఆ కారు 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు, ఇప్పటికీ దాన్ని చూస్తే నా మొహం వెలిగిపోతుంది.

చక్రాల సంగతి నేను చెప్తా. కంపెనీవి 14 అంగుళాలు, వెడల్పు ఐదున్నర, ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్యగీత నుంచి కారుకి ఆనే ముఖానికి దూరం) +45 మిల్లీమీటర్లు, టైరు 185/60. 16 అంగుళాల చక్రం బరువుగా ఉంటే ఇంత తేలిక కారుకి అది తెలిసిపోతుంది. అయితే మీ వణుకు సైజు వల్ల కాదనుకుంటా. చక్రం బిగించే హబ్ మధ్యలో ఉండే గుండ్రటి అంచు ఈ కార్లకి 54.1 మిల్లీమీటర్లు. బయటి చక్రాలకి మధ్య రంధ్రం అంతకంటే పెద్దగా చేస్తారు, చాలా రకాల కార్లకి పట్టాలని. ఆ సందు నింపడానికి ఓ రింగు ఉండాలి. అది లేకపోతే చక్రం నట్ల మీదే ఆనుకుంటుంది, కొంచెం పక్కకి కూర్చున్నా స్పీడు మీద వణుకుతుంది. చక్రం విప్పి చూడండి, రింగు ఉందా, వెనక స్పేసర్ (చక్రాన్ని బయటికి జరిపే బిళ్ల) ఏమైనా పెట్టారా. స్పేసర్ ఉంటే నట్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. నట్టు ఎక్కే స్టడ్డు 12 మిల్లీమీటర్లు, పిచ్ (ఒక్కో చుట్టుకి జరిగే దూరం) 1.5, కనీసం 8 పూర్తి చుట్లు పట్టాలి. అంతకంటే తక్కువైతే ఆ కారు నడపొద్దు, ఇంకేం ఆలోచించొద్దు.

తీగలాగితే:
నీలిరోడ్‌స్టర్ గారూ, మీ ఎర్ర లైటు, బ్యాటరీ, టక్ మనే శబ్దం మూడూ ఒకే కథ అని నా నమ్మకం. పాత అలారం. తొంభైల్లో స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో చాలామంది పెట్టించుకునేవాళ్లు, పెట్టేవాళ్లు స్టార్టర్‌కి వెళ్లే మందపాటి వైరుని కత్తిరించి మధ్యలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెట్టేవాళ్లు. అలారం ఆన్‌లో ఉంటే రిలే తెరుచుకుని స్టార్టర్‌కి కరెంటు వెళ్లదు. ముప్పై ఏళ్ల తర్వాత అలారం రిమోట్ ఎక్కడో పోయింది, రిలే కాంటాక్టులు నల్లబడ్డాయి, ఆ వైరు మాత్రం ఇంకా దాని మీదుగానే వెళ్తోంది.

ముందు కరెంటు కొలవండి. ఈ కారుకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి నెగటివ్ కేబుల్‌కి, బ్యాటరీకి మధ్య సిరీస్‌లో కలపండి. డిక్కీ లైటు, డోరు లైటు ఆరిపోయి ఉండాలి, ఓ పావుగంట ఆగాలి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. గడియారం, రేడియో మెమరీకి 20, 30 మిల్లీ ఆంపియర్లు మామూలే. 50 దాటితే ఎవరో తింటున్నట్టు. అప్పుడు ఒక్కో ఫ్యూజు తీస్తూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడండి. ఏ ఫ్యూజు తీసినా పడకపోతే ఆ తినేది ఫ్యూజు పెట్టెకి రాకుండా నేరుగా ముడేసుకుందన్నమాట, అది బయటిదే అని అక్కడే రుజువు.

నీలిరోడ్‌స్టర్:
కొలిచాను అన్నా. 380 మిల్లీ ఆంపియర్లు! ఫ్యూజులన్నీ తీసి చూశాను, 18 మాత్రమే తగ్గింది.

తీగలాగితే:
చూశారా. 0.38ని 24తో గుణిస్తే రోజుకి 9 ఆంపియర్ అవర్లు. మీది 30 పైచిలుకు ఉన్న చిన్న బ్యాటరీ. నాలుగు రోజులు, లెక్క సరిపోయింది.

ఇప్పుడు స్టీరింగ్ కింద ప్లాస్టిక్ ప్యానెల్ తీసి టార్చి వేసి చూడండి. కంపెనీ వైరింగ్ ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోవాలి. వైర్లు సన్నగా ఉంటాయి, ఒక రంగు మీద ఇంకో రంగు చార ఉంటుంది, కట్ట మీద టేపు చక్కగా ఒకే వైపు చుట్టి ఉంటుంది, ప్రతి కట్టా ఓ క్లిప్పులో కూర్చుని ఉంటుంది. బయటివాడి పని మాత్రం ఇలా ఉంటుంది: మెరిసే నల్ల టేపు, జిగురు కారి దుమ్ము అంటుకుని, చివర ఊడి వేలాడుతూ. ఒకే రంగు వైర్లు పది, చార లేకుండా. వైరుని కొరికి పట్టుకునే నీలం, ఎరుపు ప్లాస్టిక్ క్లిప్పులు. పెడల్స్ పైన ఎక్కడో జిప్ టైతో కట్టిన నల్ల డబ్బా. అక్కడ నుంచి మొదలుపెట్టి ఒక్కో తీగ ఎక్కడికి పోతోందో వేలితో పట్టుకుని వెళ్లండి.

కత్తిరించకండి. ఇది పెద్దక్షరాల్లో రాసుకోండి. డబ్బాకి వచ్చే మొత్తం వైర్లలో కొన్ని కేవలం అంటుకుని ఉంటాయి, తీసేస్తే ఏం కాదు. కొన్ని మాత్రం కంపెనీ వైరుని తెంపి దాని రెండు కొసల మధ్య కూర్చుని ఉంటాయి. రెండో రకం తీస్తే ఆ రెండు కొసలూ మళ్లీ కలపాలి. ఏది ఏ రకమో తెలిసేదాకా కత్తెర పక్కన పెట్టండి.

మలుపులదారి:
ఈ మాట నేను అనుభవంతో గట్టిగా చెప్తాను. వేరే పాత కారులో డాష్ కింద ఓ డబ్బా చూసి అలారమే అనుకుని ప్లగ్గులు పీకేశాను. అది క్రూయిజ్ కంట్రోల్ మాడ్యూల్. కంపెనీదే. దాని ప్లగ్గు గొళ్లెం విరిగింది, అలాంటి ప్లగ్గు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. డబ్బా మీద తయారీదారు పార్ట్ నంబరు ఉందేమో చూడండి, ప్లగ్గు కట్ట నుంచి నేరుగా వస్తోందా చూడండి. అచ్చంగా సరిపోయే ప్లగ్గుతో వచ్చినదాన్ని తొందరపడి ముట్టుకోకూడదు.

అలారంలో రిమోట్ స్టార్ట్ కూడా ఉందేమో వెతకండి. మాన్యువల్ గేరు కారుకి అది చాలా ప్రమాదం. క్లచ్ తొక్కితేనే స్టార్టర్ తిరిగేలా ఉండే స్విచ్చుని అందుకోసం దాటవేస్తారు. గేరులో వదిలేసిన కారు బటన్ నొక్కగానే ముందుకి దూకుతుంది, ఎదురుగా ఎవరున్నా సరే. క్లచ్ తొక్కకుండా, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలుంచి తాళం తిప్పి చూడండి. మీది క్లచ్ స్విచ్చుతో వచ్చిన కారయితే స్టార్టర్ తిరగకూడదు.

నాలుగుచక్రాలు:
అన్నీ తీసేయాలనే మాటతో నేను ఏకీభవించను. బండి బతికినన్నాళ్లూ ఎవరో ఒకరు ప్రేమతో చేసినవి కూడా ఉంటాయి అందులో. స్టీల్ అల్లిక బ్రేక్ గొట్టాలు, మంచి అల్యూమినియం రేడియేటర్, సరిగ్గా బిగించిన రోల్ బార్ (కారు బోల్తా పడితే తలని కాపాడే కమ్మీ) లాంటివి తీసి ముప్పై ఏళ్ల రబ్బరు గొట్టాలు మళ్లీ పెడతారా? కంపెనీ రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టు. రోల్ బార్ తీస్తే కింద రంధ్రాలు మిగులుతాయి, నీళ్లు దిగి తుప్పు పడుతుంది. ఇవి ఉండనివ్వండి.

ఉన్నదిఉన్నట్టు:
నేను కంపెనీ ఫిటింగ్ పక్షమే, అయినా నాలుగుచక్రాలు గారు చెప్పింది నిజం. నా పద్ధతి చెప్తాను. ఒక్కో మార్పుని చూసి మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ప్రాణానికి ప్రమాదమా? కారు పనితీరు చెడగొడుతోందా? తీస్తే వెనక్కి పెట్టడానికి అసలు భాగం చేతిలో ఉందా? మూడోది చాలామంది మర్చిపోతారు. ఎయిర్ బాక్స్ దొరక్కముందే ఫిల్టర్ విప్పి కూర్చుంటే కారు నెలల తరబడి స్టాండ్ల మీదే. ముందు భాగం, తర్వాత స్పానర్. తీసినవి కూడా పారేయొద్దు, సంచిలో వేసి ఎక్కడిదో రాసిపెట్టండి.

మీ స్టీరింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే టెన్షన్‌గా ఉంది. 1992లో అమెరికా మార్కెట్ కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. మీది అదే అయితే తాళం ఆన్ చేయగానే డాష్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు పీకేశారు. వెలిగి ఆరిందంటే, స్టీరింగ్‌లో బ్యాగ్ లేకపోయినా, ప్లగ్గులో చిన్న రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ని నమ్మించారు. రెండూ తప్పే. ఆ ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గుల్లో మల్టీమీటర్ ముల్లు పెట్టకండి, మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే బ్యాగ్ పేలొచ్చు. బ్యాటరీ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, ఆ తర్వాతే. చేతకాదనిపిస్తే ఆ ఒక్క పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

నీలిరోడ్‌స్టర్:
లైటు వెలగట్లేదు. మీటర్ల వెనక బల్బు గూడు ఖాళీ. ఇన్నాళ్లూ బ్యాగ్ లేకుండా తిరిగానన్నమాట. స్టీరింగ్ పని తెలిసినవాళ్లకే ఇస్తాను.

అలారం దొరికింది. స్టీరింగ్ కాలమ్ పక్కన టేపు విప్పుతుంటే వేళ్లకి నల్ల జిగురు. లోపల చార ఉన్న మందపాటి వైరు తెగి ఉంది, రెండు కొసలకీ చారలేని ఎర్ర వైర్లు మెలిపెట్టి కట్టారు, సోల్డర్ లేదు, రాగి పచ్చబడింది. అవి రిలేకి వెళ్తున్నాయి, రిలే కింద 30, 87a అని అంకెలున్నాయి. చేత్తో కదిపితే ఒక పోగు నా వేలికే ఊడొచ్చింది.

తీగలాగితే:
అదే. 30, 87a అంటే రిలేకి కరెంటు లేనప్పుడు కలిసుండే జత. రెండు కొసలూ ఒకే రంగు, ఒకే చార అని మళ్లీ మళ్లీ చూసుకోండి. బ్యాటరీ నెగటివ్ తీయండి. పచ్చబడిన భాగం కత్తిరించి శుభ్రమైన రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లండి. పొడవు చాలకపోతే అదే మందం లేదా అంతకంటే లావు వైరు ముక్క కలపండి, సన్నది వద్దు, స్టార్టర్ సొలెనాయిడ్‌కి వెళ్లే దారి అది. హీట్ ష్రింక్ గొట్టాన్ని ముందే వైరుకి ఎక్కించి పెట్టుకోండి, జాయింట్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. మంచి క్రింప్ లేదా సోల్డర్, దాని మీద గొట్టం, ఆపైన కదలకుండా కట్టకి కట్టండి. కొరికి పట్టుకునే ఆ నీలం క్లిప్పులు తీసిన చోట కంపెనీ వైరు తోలు చీలి ఉంటుంది, లోపల పోగులు తెగి ఉండొచ్చు కూడా, వాటినీ సరిచేయండి. ఈ చిన్న చీలికలే ఆరు నెలల తర్వాత వానాకాలంలో కొత్త జబ్బుగా బయటపడతాయి.

నీలిరోడ్‌స్టర్:
(వారం తర్వాత) సైరన్, డబ్బా, లైటు, నాలుగు మీటర్ల వైరు బయటికొచ్చింది. ఇప్పుడు 21 మిల్లీ ఆంపియర్లు!! ఎనిమిది రోజులు ఆపి తాళం తిప్పాను, మొదటి తిప్పుకే లేచింది. ఆ శబ్దం విని కాసేపు అలాగే సీట్లో కూర్చుండిపోయాను. క్లచ్ స్విచ్చు కూడా పనిచేస్తోంది, ఎవరూ దాటవేయలేదు.

చక్రాలకి రింగుల్లేవు, పాపప్‌లైట్ గారు అన్నట్టే. స్పేసర్లు మాత్రం లేవు. వాడిన 14 అంగుళాలవి ఓ సెట్టు దొరికింది, వణుకు పోయింది. ఇక పెట్రోల్ వాసన, కటకట.

రించ్‌పట్టు:
ఆ రెండూ కంటికి కనిపించని మార్పులు అయ్యుండొచ్చు. భాగం మార్చరు, సెట్టింగ్ మార్చి వెళ్లిపోతారు, ఫొటోల్లో కూడా దొరకదు.

కటకటకి ముందు ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడాలనే సెట్టింగ్) చూడండి. ఇంజన్ వేడెక్కాక, బానెట్ కింద ఉన్న చిన్న డయాగ్నోసిస్ డబ్బా తెరిచి టీఈఎన్, జీఎన్‌డీ అని రాసున్న రెండింటినీ చిన్న వైరుతో కలపండి. అది కలపకపోతే కంప్యూటర్ తన ఇష్టమొచ్చినట్టు టైమింగ్ కదుపుతుంది, మీరు చూసే అంకెకి అర్థం ఉండదు. ఐడిల్ నిమిషానికి 850 చుట్ల దగ్గర, టైమింగ్ లైటు క్రాంక్ పుల్లీ మీద వేస్తే బెల్టు కవర్ స్కేలు మీద 10 డిగ్రీలు కనిపించాలి. పికప్ కోసమని చాలామంది ఇంజన్ వెనకున్న క్యామ్ యాంగిల్ సెన్సార్‌ని తిప్పి 14 పెడతారు, మంచి ఆక్టేన్ పెట్రోల్‌తో అది నడుస్తుంది. కానీ ఈ ఇంజన్‌కి ఆ కటకటని పసిగట్టే నాక్ సెన్సార్ లేదు. కటకటమన్నా కంప్యూటర్‌కి తెలీదు, తనంతట తాను వెనక్కి తగ్గించుకోదు. దెబ్బ నేరుగా పిస్టన్‌కే.

పనిలో పనిగా పుల్లీకి ఉన్న గాళ్లు లెక్కపెట్టండి. నాలుగుంటే 1991 మధ్యకి ముందు వాడిన పొట్టి ముక్కు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), ఎనిమిదుంటే తర్వాతది. 1992 కారులో నాలుగు కనిపిస్తే ఇంజనే మార్చారన్నమాట.

మలుపులదారి:
పెట్రోల్ వాసనకి ఎయిర్‌ఫ్లో మీటర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) చూడండి. 1.6లో లోపల తలుపు ఉండే రకం. గాలి తోస్తే తలుపు తెరుచుకుంటుంది, దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోల్ వదులుతుంది. పైన నల్ల ప్లాస్టిక్ మూత సిలికాన్‌తో అతికించి ఉంటుంది. ఆ అతుకు చుట్టూ గోరుతో తడమండి. కంపెనీ అతుకు నున్నగా ఒకే తీరుగా ఉంటుంది. బ్లేడుతో కోసిన గీత, పైన వేరే రంగు సిలికాన్ కనిపిస్తే ఎవరో లోపల పళ్లచక్రం తిప్పారు. స్ప్రింగు వదులు చేస్తే అదే గాలికి తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది, ఎక్కువ గాలి వస్తోందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. పాత స్థానం దగ్గర గుర్తు లేకపోతే ఊహించి తిప్పొద్దు, ఎవరూ తెరవని వాడిన మీటర్ వెతికి పెట్టడమే మేలు. అన్నట్టు ఫ్యూయల్ పంపు స్విచ్చు కూడా ఆ మీటర్‌లోనే ఉంటుంది, ప్లగ్గు పీకి స్టార్ట్ చేసి చూద్దామనుకుంటే ఇంజన్ నిలబడదు, కంగారు పడకండి.

ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టేటప్పుడు మీటర్ నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి ముడతల మధ్య చూడండి. అక్కడ పగులుంటే మీటర్ లెక్కలోకి రాని గాలి దూరుతుంది.

నీలిరోడ్‌స్టర్:
గాళ్లు ఎనిమిది, హమ్మయ్య. టైమింగ్ 18! రెండుసార్లు చూశాను నమ్మలేక. సెన్సార్ బోల్టు వదులు చేసి వెంట్రుకంత తిప్పితే చాలు, 10కి వచ్చింది. కటకట పోయింది. మీటర్ మూత చుట్టూ తెల్ల సిలికాన్ ఉంది, కింద బ్లేడు గీత. వేరే మీటర్, ఎయిర్ బాక్స్ రెండూ వెతుకుతున్నా.

మిగిలింది సస్పెన్షన్. స్ప్రింగులు కోసినట్టున్నాయి అనిపిస్తోంది, ఎలా తేల్చుకోవాలి?

నాలుగుచక్రాలు:
జాకీ ఎత్తి స్టాండు మీద పెట్టి చక్రం వేలాడనివ్వండి. కోసిన స్ప్రింగయితే పీటలో వదులుగా తిరుగుతుంది. కొస చూడండి, చదునుగా తెగి గ్రైండర్ గీతలుంటాయి, దగ్గర్లో పెయింట్ కాలి నీలంగా మారి ఉంటుంది. వీటిని సర్దుబాటు చేసేదేం లేదు, మార్చడమే. ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కాకుండా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకి కొలవండి, అప్పుడు టైరు సైజు అడ్డురాదు.

స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా షాక్ పైన నట్టు విప్పొద్దు. కొత్తవి ఎక్కించాక సస్పెన్షన్ ఆర్మ్ బోల్టులు వేలాడుతుండగా పూర్తిగా బిగించకండి. చేత్తో పట్టించి, కారుని నేల మీదకి దించి, దాని బరువు మీద నిలబడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్‌లు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతాయి. అలైన్‌మెంట్ బోల్టులు కదిపే ముందు తెల్ల పెయింటుతో గుర్తు గీయండి, చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఉన్నదిఉన్నట్టు:
ఫెండర్ లోపలి అంచు కూడా తడమండి. పెద్ద చక్రాల కోసం పైకి మడిచుంటే అది వెనక్కి రాదు. పెయింట్ పగిలిన చోట తుప్పు రాకుండా పూత వేసి వదిలేయండి, అంతకుమించి చేయాల్సింది లేదు.

నీలిరోడ్‌స్టర్:
వెనక రెండూ కోసినవే, ఒక్కోటి ఒక్కో పొడవు! ముందువి బాగానే ఉన్నాయి. వెనక ఎడమ ఫెండర్ అంచు మడిచి ఉంది, నిన్న గీకి ప్రైమర్ వేశాను. సైలెన్సర్ నట్లకి మూడు రోజులుగా సాయంత్రం పూట తుప్పు వదిలించే నూనె కొడుతున్నా, ఇంకా కదల్లేదు. స్ప్రింగుల సెట్టు వచ్చాక ఫొటోలు పెడతాను. ఎవరి దగ్గరైనా తెరవని 1.6 మీటర్ ఉంటే చెప్పండి.

మలుపులదారి:
నా దగ్గర ఒకటి ఉంది, మూత అతుకు కంపెనీదే. మెసేజ్ చూడండి.